పిల్లలు పెరిగేకొద్దీ పంపులో ఇన్సులిన్ లెక్కలు ఎందుకు మారతాయి?

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ పంపు పెట్టించిన ఇళ్లలో మొదటి నెలలు కాస్త ఊపిరి ఆడుతుంది. రోజుకు నాలుగైదు సూదులు తప్పాయి. గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. అదే అన్నం, అదే బడి, పంపులో డాక్టర్ పెట్టిన అంకెలు కూడా అవే. షుగర్ మాత్రం రోజూ పొద్దున్నే రెండొందలు దాటి కనిపిస్తుంది. పంపు పాడైందేమోనని నాన్నకు అనుమానం. పిల్ల చాటుగా ఏదో తింటోందని అమ్మకు అనుమానం. మధ్యలో నాయనమ్మ కాజా పెట్టిందేమోనని ఆవిడ మీదికీ పోతుంది. నెల్లూరు, ఒంగోలు నుంచి చెన్నైకో విజయవాడకో వెళ్లి చూపించుకునే కుటుంబాలకు టెన్షన్ ఇంకా ఎక్కువ. తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ఇంకా రెండు నెలలు ఉంటుంది మరి.

చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది, పిల్ల తప్పూ ఉండదు. ఒంటికి కావాల్సిన ఇన్సులిన్ మారిపోయి ఉంటుంది. పంపులో మూడు నాలుగు రకాల అంకెలుంటాయి. తప్పింది ఒకటైతే మార్చేది ఇంకొకటి అవడం వల్లే ఎక్కువ గజిబిజి జరుగుతుంది.

పంపు లోపల ఉండే అంకెలు

టైప్ 1లో క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తుంది. స్వీట్లు తినడం వల్ల వచ్చే జబ్బు కాదిది. ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది కాబట్టి బయటి నుంచి ఇవ్వాల్సిందే. పంపులో నింపేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. సన్నటి గొట్టం, చర్మం కింద ఉండే మెత్తటి కాన్యులా గుండా అది ఒంట్లోకి వెళుతుంది. కాన్యులాను రెండు మూడు రోజులకోసారి మార్చాలి.

తిన్నా తినకపోయినా రోజంతా చుక్కచుక్కగా వెళ్లేది బేసల్. దీన్ని గంటకు ఇన్ని యూనిట్లని పెడతారు, ఒక్కో వేళకు ఒక్కో రేటు పెట్టుకోవచ్చు. తిండికి ముందు బటన్ నొక్కి ఇచ్చేది బోలస్. ఎంత పిండి పదార్థానికి ఒక యూనిట్ కావాలో చెప్పేది కార్బ్ రేషియో. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు ఒక యూనిట్ దాన్ని ఎంత దించుతుందో చెప్పేది కరెక్షన్ ఫ్యాక్టర్. ఇవికాక, ఇచ్చిన ఇన్సులిన్ ఎంతసేపు పనిచేస్తూ ఉంటుందో చెప్పే అంకె ఇంకొకటి ఉంటుంది. భోజనం అయిన రెండు గంటలకు షుగర్ 240 చూసి కంగారుగా మళ్లీ ఇన్సులిన్ ఇవ్వబోతే, ఇందాక ఇచ్చినది ఇంకా పనిచేస్తోందని పంపు ఆ మేరకు తగ్గించి చూపేది దీని ఆధారంగానే. పంపు చూపిన దాన్ని పక్కనపెట్టి మన సొంత లెక్కతో ఇస్తే డోసు మీద డోసు పడి, సాయంత్రానికి పిల్లకు షుగర్ డౌన్ అవుతుంది.

ఏడాది తేడాతో ఒకే పిల్ల లెక్క

కావలిలో ఏడో తరగతి చదివే పాప అనుకుందాం. బరువు 32 కిలోలు, రోజు మొత్తానికి పడుతున్న ఇన్సులిన్ 26 యూనిట్లు. మొదలుపెట్టడానికి డాక్టర్లు వాడే మోటు లెక్కలు రెండున్నాయి. 500ను రోజు మొత్తం డోసుతో భాగిస్తే కార్బ్ రేషియో, 1800ను భాగిస్తే కరెక్షన్ ఫ్యాక్టర్ వస్తాయి. ఈ పాపకు 500ను 26తో భాగిస్తే సుమారు 19, అంటే 19 గ్రాముల పిండి పదార్థానికి ఒక యూనిట్. 1800ను 26తో భాగిస్తే సుమారు 70, అంటే ఒక యూనిట్ 70 పాయింట్లు దించుతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండి పదార్థం దాదాపు 28 గ్రాములు. 200 గ్రాముల అన్నానికి 56 గ్రాములు, కాబట్టి మూడు యూనిట్లకు కాస్త తక్కువ.

ఏడాది గడిచింది. పాప ఎదిగింది, రజస్వల అయింది. బరువు 38 కిలోలు, రోజు డోసు 46 యూనిట్లకు చేరింది. అదే లెక్క వేస్తే ఇప్పుడు 11 గ్రాములకే ఒక యూనిట్ కావాలి, ఒక యూనిట్ 40 పాయింట్లే దించుతుంది. అదే 200 గ్రాముల అన్నానికి ఇప్పుడు ఐదు యూనిట్లు పైమాటే. బరువు పెరిగింది ఆరు కిలోలే, డోసు మాత్రం రెట్టింపుకు దగ్గరగా వెళ్లింది. పాత అంకెలతోనే నడుస్తున్న పంపు రోజూ మూడు యూనిట్లే ఇస్తూ ఉంటుంది. ఇంట్లో వాళ్లు మాత్రం పిల్ల చేతిలో చాక్లెట్ కోసం వెతుకుతూ ఉంటారు.

ఈ ఫార్ములాలు మొదటి అంచనాకే. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా పొద్దుటి టిఫిన్‌కు, 500 లెక్క చూపే దానికంటే ఎక్కువ ఇన్సులిన్ పట్టడం మామూలే. అందుకే ఒకే పిల్లకు టిఫిన్‌కు ఒక రేషియో, రాత్రి అన్నానికి ఇంకో రేషియో పెడతారు.

వయసును బట్టి, వేళను బట్టి మారే అవసరం

జబ్బు బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, మిగిలి ఉన్న బీటా కణాలు కొంత కోలుకుంటాయి. ఆ కాలంలో కిలోకు అర యూనిట్ కంటే తక్కువే సరిపోవచ్చు. దీన్ని హనీమూన్ దశ అంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి ఫలానా వేరు, ఫలానా ఆకు మందు ఇస్తే జబ్బు పోతుందంటారు. డోసు తగ్గుతోంది కదా, నిజమేననిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ దశ ముగుస్తుంది, ఇన్సులిన్ మళ్లీ పెరుగుతుంది. మందు ఇచ్చినాయన అప్పటికి కనపడడు.

తర్వాత యుక్తవయసు వచ్చేదాకా కిలోకు రోజుకు 0.7 నుంచి 1 యూనిట్ వరకు మామూలు. యుక్తవయసులో అది 1.2 దాటి, కొందరిలో 2 దాకా కూడా వెళుతుంది. గ్రోత్ హార్మోన్, సెక్స్ హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకోవడమే కారణం. ఆడపిల్లల్లో నెలసరికి ముందు కొన్ని రోజులు డోసు పెరిగి, మొదలయ్యాక దిగిపోవడం కూడా ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యాక అవసరం మళ్లీ తగ్గుతుంది. డోసు పెరిగిందంటే జబ్బు ముదిరిందని అర్థం కాదు. ఈ ఒక్క విషయం మీద ఇళ్లలో ఉన్నంత దిగులు మరి దేని మీదా ఉండదు.

రోజులోనూ ఒక లయ ఉంటుంది. యుక్తవయసు పిల్లల్లో తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి, ఏమీ తినకుండానే షుగర్ ఎక్కుతుంది. నాలుగైదేళ్ల పిల్లల్లో తరచూ దీనికి తిరగబడి ఉంటుంది. నిద్రపోయిన తొలి గంటల్లో, అర్ధరాత్రి లోపు వాళ్లకు ఇన్సులిన్ ఎక్కువ కావాలి, మూడు గంటలప్పుడు తక్కువ చాలు. అక్క బేసల్ పట్టిక తమ్ముడికి పనికిరాదనేది ఇందుకే.

తప్పింది ఏ అంకె?

రాత్రి 10కి షుగర్ 130, మూడింటికి 135, ఏడింటికి 210 అనుకుందాం. మూడింటి దాకా షుగర్ గ్రాఫు గీత నిలకడగా ఉంది. కాబట్టి ముందు రాత్రి బేసల్ సరిగ్గానే ఉంది, తెల్లవారుజాము రేటు చాలడం లేదు. గంటకు 0.45 ఉన్నదాన్ని ఆ వేళకు 0.50 చేస్తారు. మార్పు ఒక్కసారికి పది ఇరవై శాతం దాటదు. ఇన్సులిన్ చర్మం కింద నుంచి రక్తంలోకి చేరి పనిచేయడానికి టైం పడుతుంది. అందుకే షుగర్ ఎక్కడం మొదలయ్యే గంటకు ఒకటి రెండు గంటల ముందు నుంచే కొత్త రేటు మొదలుపెడతారు. ఒక్క రాత్రిని చూసి కాకుండా, రెండు మూడు రాత్రులు అదే తీరు కనిపిస్తేనే మార్చడం అలవాటు.

చెప్పడానికి ఇది తేలిక. మన ఇళ్లలో రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు. ఆ అన్నం, దానికిచ్చిన బోలస్ రెండూ అర్ధరాత్రి దాటేదాకా పనిచేస్తూనే ఉంటాయి. పదకొండింటికి షుగర్ ఎక్కితే అది బేసల్ లోపమా, రేషియో లోపమా అన్నది గీత చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే బేసల్ పరీక్ష చేసే రోజు పిల్లలకు ఏడింటికే తేలికగా పెట్టేయమంటారు. ఒక బేసల్ సరైనదా కాదా తెలియాలంటే కడుపులో తిండి, ఒంట్లో బోలస్ రెండూ లేని గంటలు కావాలి.

బేసల్ నమ్మదగ్గదని తేలాక రేషియో సంగతి. టిఫిన్‌కు ముందు 120 ఉండి, నాలుగు గంటల తర్వాత, మధ్యలో ఏమీ తినకపోయినా, రోజూ 200 ఉంటే ఆ పూట రేషియో చాలడం లేదని అర్థం. గంటన్నరకు 230 దాకా వెళ్లి, నాలుగు గంటలకు మళ్లీ 120కి వచ్చేస్తుంటే రేషియో సరిగ్గానే ఉంది, బోలస్ ఆలస్యంగా నొక్కుతున్నారు. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కైనా పని మొదలుపెట్టడానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది. దోసె పెనం మీద ఉండగా ఇవ్వాల్సిన బోలస్ చెయ్యి కడుక్కునేటప్పుడు ఇస్తే కథ ఇలాగే ఉంటుంది.

అంకెలతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఉన్నట్టుండి 300 అయితే అనుమానించాల్సింది కాన్యులాను. మడతపడి ఉండవచ్చు, చెమటకు ప్లాస్టర్ ఊడి సగం బయటికి వచ్చి ఉండవచ్చు. పొట్ట మీద అలవాటైన ఒకే చోట ఏడాదిగా గుచ్చుతుంటే అక్కడ కొవ్వు గడ్డకట్టి ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు. చేత్తో తడిమితే మెత్తటి ఉబ్బులా తగులుతుంది. ఆ గడ్డను చూసుకోకుండా డోసు పెంచుకుంటూ పోయి, తర్వాత ఒకరోజు కొత్త చోట గుచ్చితే, పెంచిన డోసంతా పూర్తిగా ఎక్కి పిల్ల కళ్లు తేలేస్తుంది.

కారం దోసె దగ్గర లెక్క ఎందుకు తప్పుతుంది

ఇడ్లీ తేలిక. మధ్యరకం ఇడ్లీకి పది పన్నెండు గ్రాముల పిండి పదార్థం, త్వరగా అరుగుతుంది. నెల్లూరు కారం దోసె నెయ్యితో కాల్చి వస్తుంది. పిండిని లెక్కేసి బోలస్ ఇస్తే రెండు గంటల దాకా షుగర్ అద్భుతంగా ఉంటుంది, మూడో గంట నుంచి ఎక్కడం మొదలవుతుంది. కొవ్వు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపైన ఇన్సులిన్ పనిని కూడా కొంత మొద్దుబారుస్తుంది. పెళ్లిలో బిర్యానీ తిన్న రాత్రి అంతే. చేపల పులుసులో పిండి పదార్థం తక్కువే కానీ నూనె, ప్రొటీన్ ఉంటాయి. పైగా దాంతో అన్నం ఎప్పుడూ అనుకున్న దానికంటే ఒక పిడికెడు ఎక్కువే లోపలికి పోతుంది.

సూదితో ఇచ్చేవాళ్లకు లేని వెసులుబాటు పంపు ఇచ్చేది ఇక్కడే. బోలస్‌లో కొంత ఇప్పుడే ఇచ్చి, మిగతాది రెండు మూడు గంటల పాటు కొద్దికొద్దిగా వెళ్లేలా పెట్టవచ్చు. ఎంత భాగం ముందు, ఎంత తర్వాత అన్నది ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అదే తిండిని మూడు నాలుగుసార్లు గమనిస్తేనే తేలుతుంది. మలై కాజా కూడా నిషిద్ధం కాదు. లెక్కలోకి రాకపోవడమే దానితో సమస్య. నాయనమ్మ పెట్టి చెప్పేస్తే ఏ ఇబ్బందీ లేదు.

ఆట, సముద్రం, రోహిణి కార్తె

పరిగెత్తి ఆడే పిల్లల్లో కండరాలు గ్లూకోజ్‌ను లాగేసుకుంటాయి, ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. ఆ ప్రభావం ఆటతో ఆగదు. సాయంత్రం కబడ్డీ ఆడినందుకు అర్ధరాత్రి షుగర్ డౌన్ కావచ్చు. అందుకే ఆటకు గంటన్నర ముందే బేసల్‌ను కొన్ని గంటల పాటు తగ్గించే టెంపరరీ బేసల్ ఉంది, రాత్రికి మళ్లీ కొంత తగ్గిస్తారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా బెంచీ మీదే కూర్చోబెట్టే బడి ఉన్న పిల్లకు వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊరెళితే అవసరం ఒక్కసారిగా మారిపోతుంది. బడి రోజులకు ఒకటి, సెలవులకు ఒకటి చొప్పున రెండు బేసల్ పట్టికలు పంపులో దాచుకునే వీలుంది.

మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నంలోనో సముద్రంలో దిగాలంటే పంపు తీసి పక్కన పెట్టడం మామూలు. గంటలోపైతే పెద్ద తేడా రాదు. రెండు మూడు గంటలు నీళ్లలోనే ఉంటే పోయిన బేసల్ తాలూకు లోటు సాయంత్రం కనిపిస్తుంది. తీసిన పంపును ఇసుకలో ఎండకు వదిలేస్తే ఇంకో సమస్య.

ఆ ఎండ సంగతి మన దగ్గర విడిగా చెప్పుకోవాలి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ 30 డిగ్రీల లోపు ఉండాలి. పంపులో నింపినది 37 డిగ్రీలు దాటితే పారేయమని తయారీదారులే చెబుతారు. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు 40 దాటేస్తాయి. బైక్ ముందు కూర్చున్న పిల్లాడి నడుము దగ్గరి పంపు, ఎండలో నిలిపిన కారులోని స్పేర్ ఇన్సులిన్ రెండూ ప్రమాదంలోనే ఉంటాయి. చెడిపోయిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉంటుంది, పనిచేయదు, షుగర్ పెరుగుతుంది. ఇంకోవైపు వేడికి చర్మానికి రక్తప్రసరణ పెరిగి మంచి ఇన్సులిన్ మామూలు కంటే త్వరగా ఎక్కుతుంది, షుగర్ పడిపోతుంది. ఒకే ఎండ రెండు వైపులకూ లాగుతుంది. అందుకే మే నెలలో పెరిగిన షుగర్‌ను చూసి అంకెలు మార్చే ముందు కొత్త ఇన్సులిన్‌తో ఒకరోజు నడిపి చూడమనేది.

జ్వరం, కీటోన్లు, ఎర్రమూత సిరంజి

జ్వరంలో పిల్ల ఏమీ తినదు కాబట్టి ఇన్సులిన్ ఆపేయాలన్నది సహజంగా వచ్చే ఆలోచన. జరిగేది తిరగబడి ఉంటుంది. జబ్బు చేసినప్పుడు ఒత్తిడి హార్మోన్లు పెరిగి బేసల్ అవసరం ఇంకా ఎక్కువవుతుంది. వాంతులు, విరేచనాలైతే షుగర్ తగ్గవచ్చు, అప్పుడు డోసు తగ్గించాల్సి రావచ్చు. పూర్తిగా ఆపడం మాత్రం ఎప్పుడూ ఉండదు.

పంపులో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ లేదన్న విషయం ఇక్కడ గుర్తుకు రావాలి. కాన్యులా మూసుకుపోయి సరఫరా ఆగితే మూడు నాలుగు గంటల్లో కీటోన్లు, అంటే ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, పెరగడం మొదలవుతుంది. రక్తంలో కీటోన్లు 0.6 లోపు ఉంటే మామూలు, 1.5 దాటితే ప్రమాదం వైపు వెళుతున్నట్టు, 3 దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం దాని లక్షణాలు. తిన్నది పడలేదనుకుని ఇంట్లోనే ఆగిపోయేది వీటి దగ్గరే. పంపుతో కరెక్షన్ ఇచ్చాక కూడా 250 పైనే ఉంటే ఆ పంపు ద్వారా ఇన్సులిన్ వెళుతోందని నమ్మకూడదు. సిరంజితోనో ఇన్సులిన్ పెన్నుతోనో ఇచ్చి కాన్యులా సెట్ మార్చడం అన్నిచోట్లా చెప్పే పద్ధతి.

మన దేశంలో ఒక ఉచ్చు ఉంది. పంపులో వాడేది మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్. మందుల షాపుల్లో మామూలుగా దొరికే వయల్స్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లవి ఎక్కువ. వాటి సిరంజికి ఎర్రమూత, 100 దానికి నారింజ రంగు మూత. కంగారులో పంపు ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజిలోకి తీసి 4 గీత దాకా నింపారనుకోండి. ఆ గీత దగ్గర ఉండేది 0.1 మిల్లీలీటరు, అంటే పిల్లకు వెళ్లేది 10 యూనిట్లు. నాలుగు కావాల్సిన చోట పది. తిరగబడి 40 వయల్‌ను పంపులో నింపితే పది అనుకున్న చోట నాలుగే వెళతాయి. పంపు ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజితో ఇచ్చినా, పెన్నుతో ఇచ్చినా ఈ తంటా లేదు.

ఆటో పంపు వచ్చాక లెక్కలతో పని ఉండదా?

మెడ్‌ట్రానిక్ 780జీ లాంటి పంపులు, ఒంటికి అంటించుకుంటే షుగర్‌ను ఎప్పటికప్పుడు చూస్తుండే సెన్సర్ పంపే రీడింగ్ చూసి ఐదు నిమిషాలకోసారి బేసల్‌ను తామే పెంచుతాయి, తగ్గిస్తాయి, చిన్న చిన్న కరెక్షన్లు కూడా ఇస్తాయి. టార్గెట్ 100, 110, 120లో ఏదో ఒకటి పెట్టుకోవాలి. ఆట వేళకు 150 పెట్టే వీలుంది. యుక్తవయసులో పెరిగే అవసరాన్ని, రాత్రి ఒడిదుడుకులను ఇవి చాలావరకు పట్టుకుంటాయి. పైన చెప్పిన తెల్లవారుజాము సమస్య వీటితో చాలావరకు తీరిపోతుంది.

తిండి సంగతి మాత్రం ఇంకా మనుషుల చేతుల్లోనే ఉంది. కార్బ్ రేషియోను అది నేర్చుకోదు, మనమే మార్చాలి. తిన్నాక షుగర్ ఎక్కినదాన్ని సెన్సర్ కొన్ని నిమిషాలు ఆలస్యంగా చూస్తుంది, అప్పుడిచ్చే ఇన్సులిన్ ఇంకా ఆలస్యంగా పనిచేస్తుంది. చెప్పకుండా తిన్న అన్నాన్ని పూర్తిగా సర్దడం దాని వల్ల కాదు. షుగర్ దిగడం లేదని తినని అన్నాన్ని తిన్నట్టు పంపులో నొక్కే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంటుంది. ఆ పూటకు పనవుతుంది. తర్వాత చార్టు చూసే డాక్టరుకు మాత్రం రేషియో తప్పా, తిండి ఎక్కువా అర్థం కాదు.

పంపా, పెన్నా? మార్చేదెవరు?

పిల్లలకు వీలున్నచోట పంపు, అందులోనూ ఆటో పంపు ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షుగర్ 70, 180 మధ్య ఉండే సమయం 70 శాతం దాటాలి, 70 లోపు ఉండే సమయం 4 శాతం లోపు ఉండాలి అన్నది వాటి లక్ష్యం. ఆ లక్ష్యానికి సెన్సర్‌తో పనిచేసే పంపు దగ్గర దారి. రెండో వాదనకూ బలముంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జబ్బు కొత్తగా బయటపడిన పిల్లల మీద చేసి 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, సెన్సర్‌తో ముడిపడని మామూలు పంపుకు, రోజుకు పలుమార్లు ఇచ్చే సూదులకు మధ్య ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీలో, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పంపు ధర లక్షల్లో ఉంటుంది. కాన్యులా సెట్లు, సెన్సర్ల ఖర్చు నెలనెలా వేలల్లో వస్తూనే ఉంటుంది. సెట్లు కొనలేక మూడు రోజులు వాడాల్సిన కాన్యులాను ఆరు రోజులు లాగే ఇంట్లో, పెన్ను, సెన్సర్, శ్రద్ధగా వేసే లెక్క కలిస్తే పంపు కంటే మేలని నాకనిపిస్తుంది. మూడేళ్ల పిల్లకు 0.05 యూనిట్ చొప్పున ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం పెన్ను అంత సన్నటి డోసు ఇవ్వలేదు.

అంకెలు ఎవరు మార్చాలన్న దాని మీద డాక్టర్లలోనే రెండు తీరులున్నాయి. ప్రతి మార్పూ తమకు చూపించే చేయాలనేవారి భయం న్యాయమైనదే. రెండు మూడు అంకెలు ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏం జరిగిందో తెలియదు, పిల్లకు రాత్రి ఫిట్స్ రావచ్చు. పది శాతం లోపు మార్పులు అమ్మానాన్నలకు నేర్పి వదిలేయాలనేవారు చెప్పేదీ నిజమే. యుక్తవయసు పిల్ల అవసరం మూడు నెలల అపాయింట్‌మెంట్ దాకా ఆగదు. ఈ రెంటికీ మధ్య చాలా క్లినిక్‌లు వాడే దారి ఒకటుంది. పంపు రిపోర్టును ఆన్‌లైన్‌లో క్లినిక్ కూడా చూస్తుంది. ఇంట్లో ఒకసారికి ఒకే అంకె, పది శాతం లోపు మారుస్తారు, మార్చిన తేదీ, కారణం నోట్‌బుక్‌లో రాస్తారు. వరుసగా రెండుసార్లు మార్చినా తీరు మారకపోతే, లేదా షుగర్ 70 లోపుకు పడితే, మూడో మార్పు ఫోన్ చేశాకే.